పాత సైకిల్ సీటుకి ఇంట్లోనే కొత్త రెక్సిన్ వేసుకోవడం ఎలా?

ప్రశ్న: మా నాన్నగారి పాత సైకిల్ బాగుచేయించి నడుపుతున్నాను. బండి బాగానే ఉంది కానీ సీటు రెక్సిన్ ముక్కు దగ్గరా, వెనక అంచుల్లోనూ చిరిగిపోయింది. వాన పడ్డ మర్నాడు కూర్చున్నా ప్యాంటు తడుస్తోంది. టేపు చుట్టి చూశాను. వారం తిరక్కుండానే జారిపోయి జిగురు మాత్రం మిగిలింది. సీటు మార్చడం ఇష్టం లేదు. కుట్టుమిషను లేదు. తోలు వేయాలా, రెక్సిన్ వేయాలా? పాతదాని మీదే కొత్తది అంటించేయొచ్చా? స్పాంజి ఇంకాస్త మందంగా వేస్తే మెత్తగా ఉంటుందా?

సమాధానం: ముందు మీ చివరి రెండు ప్రశ్నల సంగతి చూద్దాం. పాతదాని మీద అంటించకండి. స్పాంజి మందం పెంచకండి.

మర్నాడు కూడా ప్యాంటు తడుస్తోందంటే లోపలి స్పాంజి నీళ్లు తాగి కూర్చుందన్నమాట. దాని మీద ఇంకో పొర వేసి మూసేస్తే ఆ నీళ్లకి బయటికి దారి ఉండదు. నెలలో ముక్కవాసన మొదలవుతుంది. పైగా టేపు జిగురు పట్టిన పాత రెక్సిన్ మీద ఏ బంకా నిలవదు. అంచుల్లో రెండు పొరలు మడతపడి తొడలకి ఒరుసుకుంటాయి.

ఇక మందం. సైకిల్ మీద కూర్చున్నప్పుడు ఒంటి బరువు పిరుదుల కింద ఉండే రెండు ఎముకల కొసల మీద పడుతుంది. పెద్దవాళ్లలో ఆ రెండింటి మధ్య దూరం దాదాపు 10 నుంచి 14 సెంటీమీటర్లు. అవి గట్టి చోట ఆనాలి. స్పాంజి మందంగా, మెత్తగా ఉంటే ఎముకలు అందులో కూరుకుపోతాయి, వాటి మధ్యనున్న స్పాంజి పైకి ఉబ్బి మెత్తటి భాగాన్ని నొక్కుతుంది. వేలితో నొక్కినప్పుడు హాయిగా అనిపించిన సీటే అరగంట తొక్కాక తిమ్మిరెక్కిస్తుంది. అందుకే మొదట ఎంత మందం ఉండేదో అంతే ఉంచండి. మహా అయితే 3, 4 మిల్లీమీటర్లు ఎక్కువ.

పని మొదలుపెట్టే ముందు సీటు తిరగేసి అది ఏ రకమో చూడండి. కింద ప్లాస్టిక్ డొప్ప, దాని అంచు చుట్టూ పిన్నులు కొట్టిన రెక్సిన్ కనిపిస్తే అది మామూలు రకం, అన్నిటికన్నా తేలిక. ఇనప రేకు డొప్ప, దాని కింద స్ప్రింగులు ఉంటే పాతకాలపు వెడల్పు సీటు. వాటిలో కొన్నిటికి రేకు అంచున ఉండే పళ్లు వంచి రెక్సిన్ పట్టించి ఉంటారు. ఆ పళ్లని ఒక్కసారే వెనక్కి వంచండి. రెండు మూడు సార్లు అటూ ఇటూ వంచితే విరిగిపోతాయి. స్పాంజి అనేదే లేకుండా, దళసరి తోలుని ముందూ వెనకా రివెట్లు కొట్టి ఊయలలా బిగించి ఉంటే మాత్రం ఇక్కడితో ఆగండి. ఆ సీటుకి తొడుగు వేయకూడదు, తోలే సీటు. అది కుంగితే ముక్కు కింద ఉన్న బిగింపు నట్టుని పావు చుట్టు చొప్పున తిప్పుకోవడమే. మీ ఉత్తరాన్ని బట్టి మీది మొదటి రెండు రకాల్లో ఏదో ఒకటి.

తోలా, రెక్సినా అంటే, మొదటిసారి చేస్తున్నవాళ్లు రెక్సిన్ వేసుకోవడమే మేలు. తోలు అందంగా ఉంటుంది, ఎండాకాలం తక్కువ చెమట పోస్తుంది, కానీ వాన దానికి పడదు. మీ బండి వానలో తడుస్తుందని మీరే రాశారు. తోలే కావాలంటే చెట్ల బెరడుతో పదును చేసినది, 1 నుంచి 1.4 మిల్లీమీటర్ల మందంలో తీసుకోండి. దాన్ని గోరువెచ్చటి నీళ్లలో బుడగలు రావడం ఆగేదాకా నానబెట్టి, సీటు మీద లాగి, చుట్టూ క్లిప్పులు పెట్టి, నీడలో ఒక రోజంతా ఆరనిస్తే సీటు ఆకారం అచ్చుపోసినట్టు వచ్చేస్తుంది. ఆ తర్వాతే తీసి, కత్తిరించి, బంక పెట్టాలి. బ్యాగులకీ జాకెట్లకీ వాడే క్రోమ్ తోలుకి ఈ గుణం లేదు. ఎండగానే మళ్లీ చదునైపోతుంది.

రెక్సిన్‌లోనూ రెండు రకాలున్నాయి. వెనక్కి తిప్పి చూడండి. నేత గుడ్డ ఉంటే అది సాగదు, సీటు ముక్కు దగ్గర మిమ్మల్ని ఏడిపిస్తుంది. బనియన్ గుడ్డలాంటి అల్లిక ఉంటే సాగుతుంది. అదే కావాలి. నిలువునా అడ్డంగానా రెండు వైపులా లాగి చూడండి: 10 సెంటీమీటర్ల ముక్క లాగితే సులువుగా 11 దాటాలి, వదిలితే వెనక్కి రావాలి. వెనక గుడ్డే లేని టేబుల్ కవరు లాంటి షీటు జోలికి పోవద్దు. దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం క్రమంగా బంకలోకి దిగి, పట్టు సడలిపోతుంది.

కొలత: సీటు పొడవుకి 12 సెంటీమీటర్లు, వెడల్పుకి 14 సెంటీమీటర్లు కలుపుకోండి. 27 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు సీటుకి 39 బై 34 ముక్క అవుతుంది. అలాంటివి రెండు వచ్చేలా తెచ్చుకోండి, మొదటిది పాడైనా బెంగ ఉండదు. ఇంకా కావలసినవి: చెప్పులకి అట్టలు అంటించే పసుపు రంగు రబ్బరు బంక, అదే కాంటాక్ట్ సిమెంటు, 100 మిల్లీలీటర్లు, అంగుళం బ్రష్షు, 80, 120 నంబర్ల ఉప్పుకాగితం, 13, 14 నంబర్ల పానాలు, సన్నటి చప్పిడి స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు, బట్టలకి పెట్టే క్లిప్పులు ఓ 15, జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు. వడ్రంగులు వాడే తెల్లబంక ఇక్కడ పనికిరాదు, నీళ్లు తగిలితే మెత్తబడుతుంది. చుక్క వేస్తే క్షణంలో అతుక్కునే గ్లూ కూడా వద్దు. అది ఆరాక గాజులా గట్టిపడి, సీటు వంగిన ప్రతిసారీ పెళుసుగా విరుగుతుంది.

సీటు విప్పే ముందు సీటు రాడ్డు ఫ్రేములోకి దిగే చోట టేపు ముక్క అంటించి ఎత్తు గుర్తుపెట్టుకోండి. సీటు కింది కడ్డీల మీద క్లాంపు ఎక్కడుందో మార్కరుతో గీయండి. క్లాంపు ముందుకి తిరిగి ఉందో వెనక్కి తిరిగి ఉందో ఫోనులో ఒక ఫొటో తీసుకోండి. పాత క్లాంపుల్లో నాలుగైదు వాషర్లూ పళ్లచక్రాలూ ఉంటాయి. విప్పినవి విప్పిన వరుసలోనే ఒక తీగకి గుచ్చి పెట్టుకుంటే బిగించేటప్పుడు తికమక ఉండదు. నట్టు తుప్పుపట్టి కదలకపోతే కాస్త నూనె వేసి అరగంట వదిలేయండి.

ఇప్పుడు పిన్నులు. ఒక్కోదాని నడుం కింద స్క్రూడ్రైవరు మొన దూర్చి, పైకి తన్నకుండా, మెల్లగా తిప్పండి. కొంచెం లేవగానే ప్లేయరుతో పట్టి నిలువుగా లాగండి. పక్కకి లాగితే కాలు విరిగి డొప్పలోనే ఉండిపోతుంది. అలా విరిగిన ముక్కల్ని సుత్తితో లోపలికి కొట్టేయండి, వేలికి తగిలేలా వదలొద్దు. పాత తొడుగుని చింపకుండా ఊడదీయండి. కొత్త ముక్క కత్తిరించడానికి దాని కొలతలు వాడకండి, ఎందుకంటే అది ఎండి కుంచించుకుపోయింది, అంచులు అప్పుడే కత్తిరించేసినవి. ముక్కు దగ్గర ఎన్ని మడతలు పెట్టారు, ఎక్కడ చీల్చారు, వెనక భాగంలో ఎంత లోపలికి మడిచారు అన్నది మాత్రం దాన్ని చూసే నేర్చుకోవచ్చు.

పాత రెక్సిన్ పోయాక స్పాంజిని బొటనవేలితో గట్టిగా నొక్కండి. వేలు తీయగానే పైకి లేస్తే బాగున్నట్టే. గుంట అలాగే ఉండిపోయినా, వేలికి గోధుమరంగు పొడి అంటినా దాని పని అయిపోయింది. ఏళ్ల తరబడి తేమ తగిలితే ఆ ఫోమ్ లోపలి నుంచే విడిపోతుంది. దానికి మందు లేదు. బాగున్న స్పాంజిని తువ్వాలు మధ్య పెట్టి నీళ్లు పిండి, గాలి తగిలే నీడలో కనీసం రెండు రోజులు ఆరనివ్వండి. పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. టిష్యూ కాగితం వేసి మోకాలితో నొక్కి చూడండి, మచ్చ పడితే ఇంకో రోజు. ఈ మొత్తం పనిలో ఎక్కువమంది దాటేసేది ఈ రెండు రోజులే. కొత్త రెక్సిన్ కింద నుంచి వాసన రావడానికీ, బంక ఊడిపోవడానికీ చాలాసార్లు కారణం ఇదే.

ముక్కు దగ్గరా వెనకా మాత్రమే పాడైతే ఆ మేరకి బ్లేడుతో నలుపలకలుగా కోసి తీసేసి, అంతే మందం ముక్క కోసి అతకండి. మొత్తం మార్చాలంటే సోఫా స్పాంజి వద్దు, యోగా చాపల్లాంటి గట్టి ఈవీఏ ఫోమ్ తీసుకోండి. అది నీళ్లు పీల్చదు. 5 మిల్లీమీటర్ల షీట్లు రెండు మూడు ఒకదాని మీద ఒకటి అంటించి, పాత స్పాంజి మందం వచ్చాక, 80 నంబరు ఉప్పుకాగితంతో అంచులు గుండ్రంగా అరగదీయండి, 120తో నునుపు చేయండి. పొరల మధ్య బంక అంచుదాకా రాకూడదు. ఆరిన బంక గీతలా గట్టిపడి, అరగదీసేటప్పుడు ఫోమ్ తగ్గుతూ బంక మాత్రం గట్టులా మిగిలిపోతుంది. థర్మోకోల్ ముక్కలతో గుంటలు పూడ్చే ఆలోచన ఉంటే మానుకోండి, ఈ బంక థర్మోకోల్‌ని కరిగించేస్తుంది.

డొప్పని కూడా పట్టి చూడండి. కడ్డీలు దిగే గూళ్ల దగ్గర వెంట్రుకంత చీలిక ఉన్నా ఆ సీటుకి తొడుగు వేయడం దండగ, బరువు పడగానే అక్కడే విరుగుతుంది. కడ్డీ వంగినా అంతే. వట్టి తుప్పయితే 120తో రుద్ది, ప్రైమరూ పెయింటూ వేయండి. ఇనప రేకు డొప్పయితే అంచు పొడవునా పాత సైకిల్ ట్యూబు కోసిన 2 సెంటీమీటర్ల పట్టీ అంటించండి. రేకు అంచు కత్తిలా ఉంటుంది. మీ రెక్సిన్ అంచుల్లో చిరగడానికి బహుశా అదే కారణం.

ఇక అంటించడం. కిటికీలు తెరిచి, దగ్గర్లో పొయ్యి గానీ దీపం గానీ లేకుండా చూసుకోండి. ఈ బంక ఆవిరి అంటుకుంటుంది, తలనొప్పి కూడా తెస్తుంది. వాన పడుతున్న రోజున ఈ పని పెట్టుకోవద్దు. గాలిలో తేమ ఎక్కువుంటే ఆరుతున్న బంక మీద తెల్లటి మసకలా తేమ పేరుకుంటుంది, ఆ చోట పట్టు ఉండదు.

రెక్సిన్ వెనక వైపు సుద్దతో నిలువుగా నడిగీత గీయండి. స్పాంజి మీద కూడా ముక్కు కొస నుంచి వెనకదాకా నడిగీత గీయండి. మొదటి విడత సీటు పైభాగానికే: స్పాంజి మీదా, రెక్సిన్ వెనకా పల్చగా ఒక పూత. రెండూ పీల్చుకునేవే కాబట్టి 10 నిమిషాలాగి రెండో పూత. మళ్లీ 10, 15 నిమిషాలు ఆగండి. వేలి వెనకభాగం ఆనించి తీయండి. తీగలు సాగితే ఇంకా పచ్చిగా ఉందన్నమాట. చర్మానికి జిగటగా తగిలి, ఏమీ అంటకుండా వదిలేస్తే సిద్ధం. తడిగా ఉండగా అంటించేస్తే లోపల చిక్కుకున్న ఆవిరి మర్నాటికి బుడగలై లేస్తుంది. పూర్తిగా ఎండిపోయాక అంటిస్తే పట్టదు. అలా ఎండిపోతే ఇంకో పల్చటి పూత వేసుకోవచ్చు, నష్టం లేదు.

రెండు బంక ముఖాలూ తగిలాయంటే ఇక జరపడం కుదరదు. అందుకే మధ్యలో బటర్ పేపరు రెండు ముక్కలు పరిచి, నడిగీతలు కలిసేలా రెక్సిన్ సర్ది, ముందు మధ్యలో కొంచెం మేర కాగితం జరిపి నొక్కండి. తర్వాత ముందు వైపు కాగితం, ఆ తర్వాత వెనకది. సీటు మధ్యలో పల్లం ఉంటే అరచేత్తో అక్కడి నుంచే బయటికి నొక్కుకుంటూ రండి. పల్లాన్ని చివరికి వదిలేస్తే రెక్సిన్ దాని మీద తెరలా నిలబడిపోతుంది. ఎన్నిసార్లు నొక్కినా కిందికి దిగదు.

పైభాగం పట్టాక ఒక గంట వదిలేసి, సీటు తిరగేయండి. ఇప్పుడు అంచుల వంతు. ఇంకా బంక పెట్టకుండా క్లిప్పులతోనే ఒకసారి లాగి చూసుకోండి: ముందు ముక్కు, తర్వాత దానికెదురుగా వెనక నడిమి భాగం, తర్వాత కుడి, ఎడమ, మళ్లీ కుడి, ఎడమ. ఒకే వైపు పూర్తిచేసి రెండో వైపుకి వెళితే నడిగీత వంకరపోతుంది.

సీటు ఆకారాన్ని పైనుంచి చూడండి. ముక్కూ, వెనక మూలలూ బయటికి గుండ్రంగా ఉంటాయి, నడుం దగ్గర మాత్రం లోపలికి వంగి ఉంటుంది. ఈ రెండు చోట్లా గుడ్డ నడక వేరు. బయటికి గుండ్రమైన చోట కిందికి మడిచిన గుడ్డ ఎక్కువైపోతుంది, అక్కడ ఇంగ్లీషు వి అక్షరంలా ముక్కలు తీసేయాలి. నడుం దగ్గర గుడ్డ చాలక బిగుసుకుంటుంది, అక్కడ ముక్క తీయకుండా 2 సెంటీమీటర్లకొకటి చొప్పున నిలువుగా గాట్లు పెడితే చాలు. గాటైనా, వి ఆకారంలో తీసిన ముక్కైనా డొప్ప అంచుకి 1 సెంటీమీటరు ఇవతలే ఆగాలి. అంచుదాకా కోస్తే లాగినప్పుడు చీలిక పైకి పాకుతుంది.

ముక్కు మీద ఓపిక పెట్టండి, పని బాగుందా లేదా అనేది అక్కడే తెలిసిపోతుంది. డ్రయ్యరుని ఒక జానెడు దూరంలో పట్టి, ఒకచోట ఆపకుండా తిప్పుతూ ఓ నిమిషం వేడిచేయండి. రెక్సిన్ మెత్తబడుతుంది. కొసని నేరుగా కిందికి లాగి క్లిప్పు పెట్టండి. దానికి రెండు పక్కలా చెరో చెవిలా గుడ్డ లేస్తుంది. ఆ చెవిని రెండు భాగాలు చేసి ఒక్కోదాన్నీ లాగి క్లిప్పు పెట్టండి, మళ్లీ ఒక్కోదాన్ని రెండు చేయండి. పెద్ద మడత ఒకటి పైకి కనిపిస్తుంది. అదే గుడ్డ ఎనిమిది చిన్న మడతలైతే అన్నీ అంచు కిందే దాక్కుంటాయి. చల్లారేదాకా వదలొద్దు, చల్లారితేనే ఆ ఆకారం నిలుస్తుంది. అంతా కుదిరాక క్లిప్పులు ఒక్కోటి తీస్తూ, అదే రెండువైపుల బంక పద్ధతిలో అంచులు అంటించండి.

డొప్ప పక్కలు బాగా లోతుగా, 5 సెంటీమీటర్లకి మించి కిందికి దిగి ఉంటే మాత్రం ఒకే ముక్కతో ముడత లేకుండా రాదు. అప్పుడు పైభాగం ఒకటి, పక్కలు రెండు కోసి కుట్టుకోవాలి. మిషను లేకపోయినా దబ్బనంతో ముందే 4 మిల్లీమీటర్లకొక బెజ్జం పొడుచుకుని, పాలియెస్టర్ దారంతో వెనక్కుట్టు వేసుకోవచ్చు. నూలు దారం తడికి కుళ్లిపోతుంది. కుట్టు మీరు కూర్చునే చోటికి రాకుండా అంచు వంపుకి కాస్త కిందకి ఉండాలి.

ప్లాస్టిక్ డొప్పలు చాలావరకు బంకని సరిగా పట్టుకోని రకం ప్లాస్టిక్‌తో చేస్తారు. కింది అంచుని 80తో గరుకు చేసినా బంక ఒక్కదాన్నే నమ్మకండి. పిన్నులు కొట్టండి, 2 సెంటీమీటర్లకొకటి, పాత బెజ్జాల్లో కాకుండా వాటి పక్కన. డొప్ప మందం 3 మిల్లీమీటర్లుంటే 6 మిల్లీమీటర్ల కాలున్న పిన్ను చాలు. 10 మిల్లీమీటర్లదైతే డొప్పని దాటి, అంచుల్లో పల్చగా ఉన్న స్పాంజిలోంచి తొడకి గుచ్చుకుంటుంది. చేతి స్టేపుల్ గన్నుతో కొట్టినప్పుడు పిన్ను దిగకుండా వంగిపోతుంటే బలవంతం చేయకండి, డొప్ప చీలుతుంది. 2 మిల్లీమీటర్ల డ్రిల్లుతో అంచు చుట్టూ బెజ్జాలు చేసి, నైలాన్ తాడుని ఇటూ అటూ బూటు లేసులా బిగించండి. ఇనప రేకు సీటుకి దీనికన్నా సులువైన దారి ఉంది: గుడ్డ అంచుని ఒకటిన్నర సెంటీమీటరు మడిచి కుట్టి, అందులోంచి పైజమా నాడాలా తాడు పోనిచ్చి, సీటు కింద లాగి ముడివేయడం. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి ఆరబెట్టుకోవచ్చు కూడా. తాడు ముడి స్ప్రింగుల మధ్యకి రాకుండా చూసుకోండి, నాలుగు రోజుల్లో నమిలేస్తాయి.

సీటుకి నీళ్లు పైనుంచే వస్తాయనుకుంటాం గానీ వెనక చక్రం కింది నుంచి కూడా బాగా చిమ్ముతుంది. మడ్‌గార్డు లేకపోతే మరీను. మిగిలిన గుడ్డ అంచుల మీదుగా, పిన్నుల మీదుగా బంక పలుచగా ఒక పూత పూసి వదిలేయండి. డొప్ప మధ్యలో ఉన్న బెజ్జాలని మాత్రం పూడ్చొద్దు. లోపలికి చేరిన తేమ పోయేది వాటిలోంచే.

బంకకి పూర్తి బలం రావడానికి ఒక రోజు ఇచ్చి, అప్పుడు బిగించండి. రాడ్డుకి కొంచెం గ్రీజు రాసి, టేపు గుర్తుదాకా దించండి. స్పాంజి మందం పెరిగి ఉంటే ఎంత పెరిగిందో అంత ఇంకా కిందికి. క్లాంపులోని పళ్లు ఒకదాంట్లో ఒకటి కూర్చున్నాకే నట్టు బిగించాలి, రెండు పక్కలా నట్లుంటే ఇటో అర చుట్టు, అటో అర చుట్టు. పళ్లెక్కకుండా బిగిస్తే గుంతలో పడగానే ముక్కు పైకి లేస్తుంది, పళ్లు కూడా అరిగిపోతాయి. సీటు మీద నిలువుగా ఒక స్కేలు పెట్టి, ఫోనులోని లెవెల్ చూసుకుని సమంగా పెట్టండి. ముందుకి జారుతున్నట్టుంటే ముక్కు ఒక్క పన్ను పైకి, ఒత్తిడి అనిపిస్తే ఒక్క పన్ను కిందికి. వారం నడిపాక నట్లు మరోసారి పానా పెట్టి చూడండి. కొత్త స్పాంజి కాస్త అణిగి ఉంటుంది కాబట్టి ఎత్తు కూడా అప్పుడే సరిచూసుకోవచ్చు: మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ అడుగుకి దిగినప్పుడు కాలు నిటారుగా రావాలి.

టేపు జిగురు ప్యాంటుకో, రాడ్డుకో అంటి ఉంటే గుడ్డకి కొంచెం కిరోసిన్ అద్ది తుడిచి, సబ్బునీళ్లతో కడగండి. కొత్త రెక్సిన్ మీద మాత్రం కిరోసిన్ వాడొద్దు, సబ్బునీళ్లు చాలు.